రెండు సున్నాల ఎనిమిది

పాపకి జ్వరం లేదు. ఎవరూ కొట్టలేదు.
ఫీజు బాకీ కూడా లేదు, ముందు నెలే చీటీ పాడి కట్టేశాం.
ఎనిమిదిని సున్నా మీద సున్నా పెట్టి రాసిందని
పేజీ అంతా చెరిపించారు, అంతే.
"ఎనిమిదే కదమ్మా వచ్చింది?" అంది హెప్సిబా.
జవాబు కోసం వెతుక్కుంటూ
ఓ వారం ఇంట్లో ఉండనిద్దాం అనుకున్నాను.
ఆ వారానికి మొన్న జూన్‌కి రెండేళ్ళు.

మా అత్త సలోమమ్మ
కొత్తపేట మున్సిపల్ బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు గంట కొట్టిన మనిషి.
వేలాడే రైలుపట్టా ముక్క, చేతిలో ఇనప బోల్టు.
"ఊళ్ళో పిల్లలందర్నీ లోపలికి పంపాను, బయటికి వదిలాను,
నా మనవరాల్ని మాత్రం ఏ గేటూ దాటించలేకపోయాను"
అన్నదట చర్చిలో పక్కావిడతో.
నాతో అనలేదు.
నాతో మూడు నెలలు ఉప్పు చాలిందనీ అనలేదు, చాల్లేదనీ అనలేదు.

మా బడి ఎన్నింటికి మొదలవుతుందో మాకే తెలీదు.
ఇడ్లీపిండి రాత్రికి రాత్రి ఎన్ని అంగుళాలు పొంగిందో
స్కేలు ముంచి చూసిన రోజు ఆరింటికే మొదలైంది.
స్కేలు కడగలేదని నేను తిట్టడంతో ఆరుంపావుకి ఆగింది.

మా ఆయన మిర్చియార్డు నుంచి వస్తే
ముందు తుమ్ములొస్తాయి, వెనకాల లెక్కలొస్తాయి.
బస్తా ఎంత తూగింది, గోనెకి ఎంత పోయింది, తేమకి ఎంత తరుగు.
"తేమంటే నీళ్ళే కదా నాన్నా,
మరి ఆ నీళ్ళు రైతు ఇంటికి తిరిగి పట్టుకెళ్ళొచ్చా?"
పదిహేనేళ్ళుగా కాటా చీటీలు రాస్తున్న మనిషి
ముద్ద కలుపుతూ కలుపుతూ
చెయ్యి అలాగే ఉంచేశాడు.

నాది బీకాం. భిన్నాలు నాకెప్పుడూ అంతంతమాత్రమే.
రాత్రిళ్ళు నేర్చుకుంటున్నాను, దానికంటే ఒక పేజీ ముందు.
కొన్ని రోజులు ఒక పేజీ వెనక.
అరిచిన రోజులున్నాయి.
ఆ మంగళవారం అట్లకాడ చూపించి మరీ అరిచాను.
అది పుస్తకం విసిరేసి మేడెక్కి
నీళ్ళ ట్యాంకు నీడలో కూచుంది.
నేను కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.
ఆ రోజు చదువు లేదు.
సాయంత్రం ఆరిన బట్టలు తీద్దామని పైకెళ్తే
గచ్చు మీద వరసగా సుద్దగీతలు,
జరిగిపోయిన నీడ వెంట జరుగుతూ,
ఒక్కో గీత పక్కన ఒక్కో టైము.
వాటిని తొక్కకుండా తీగ దాకా నడిచాను.

పై వాటా జిష్ణు ఉన్నాడే,
చీకటితో బస్సెక్కి చీకటితో దిగే పిల్లాడు,
ఓ రాత్రి బూట్లు విప్పకుండానే మా గుమ్మంలో నిలబడ్డాడు.
ఐరన్ డబ్బాలో మందారపువ్వు కోసి రెక్కలు లెక్కపెడుతోంది ఇది.
చాలాసేపు చూసి అడిగాడు:
"ఆంటీ, మీ ఇంట్లో ఎన్నింటికి వదుల్తారు?"

నేను నోరు తెరిచేలోపు
మంచం మీంచి, గోడవైపు తిరిగి పడుకున్న మా అత్త అంది:
"నాలుగున్నరకి."

మర్నాడు ట్రంకుపెట్టె చప్పుడైంది.
సంస్కారపు ఆదివారం కట్టే తెల్లచీర మడతల్లోంచి
ఆ బోల్టు బయటికొచ్చింది.
రిటైరైన రోజు ఎవరికీ చెప్పకుండా తెచ్చుకుందట.
సరిగ్గా నాలుగున్నరకి
కిటికీ ఊచ మీద తొమ్మిది దెబ్బలు, చివరవి గబగబా.
వీధిలో పాల సైకిలతను కాలు కింద పెట్టి ఆగాడు.

హెప్సిబా పుస్తకం మూసింది.
చెప్పులేసుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది.
వీధి గుమ్మంలోంచి పరిగెత్తి,
పక్క సందులోంచి తిరిగి,
పెరటి గుమ్మంలోంచి రొప్పుతూ ఇంట్లోకొచ్చింది.
"నానమ్మా, వచ్చేశా!"

పెద్దావిడ దాని చెమట కొంగుతో తుడుస్తూ
ఎవరింటి పిల్లనో అడిగినట్టే అడిగింది:
"ఏం చెప్పారే ఇవాళ బళ్ళో?"

"మా టీచరుకి భిన్నాలు రావు నానమ్మా."

నేను పొయ్యి దగ్గర రవ్వ వేయిస్తున్నాను,
ఏమీ వినపడనట్టు,
మూడు కప్పులకి ముప్పావు చక్కెర
ఎంతవుతుందో తేలక.